గడ్డం తీయొద్దురా

జనవరి 9

అక్కా,

శుభవార్త. ఈసారి నేను చావలేదు.

పోయిన నెల్లో మూడుసార్లు చచ్చాను కదా. ఒకసారి లారీ కింద పడి, ఒకసారి కత్తిపోటుకి. మూడోసారి ఎలా చచ్చానో నాకే చెప్పలేదు, దుప్పటి కప్పి కదలొద్దన్నారు. ఇప్పుడు మాత్రం ఊపిరి పీల్చుకునే వేషం. టీవీ సీరియల్లో బ్యాంకు గుమాస్తాని. "ఇక్కడ సంతకం పెట్టండి" అనాలి. ఆ ఒక్క ముక్కనీ లాడ్జి గదిలో అద్దం ముందు వందసార్లు అనుకున్నాను. పక్క గదిలో ఉండే మేకప్ ఆయన గోడ మీద కొట్టి, "పెట్టేశాను నాయనా, నాలుగు చోట్లా పెట్టేశాను, ఇక నన్నొదిలెయ్" అన్నాడు. తీరా చూస్తే అది కూడా నా గొంతుతో రాదట. చిన్నాచితకా వేషాలన్నిటికీ డబ్బింగ్ ఆయన ఒకడే కూర్చుని చెప్పేస్తాడట. పెదాలు నావి, మాటలు ఆయనవి.

ఆ మేకప్ ఆయనే రోజూ నా గడ్డం మీద పడి ఏడుస్తున్నాడు. "ఇంత మంచి మొహాన్ని పొదల్లో దాచావేంట్రా" అంటాడు. మా అక్క తీయొద్దంది అని చెబితే సెట్లో అందరూ పగలబడి నవ్వారు. పోనీ, కారణమైనా చెప్పు. నీ మీద ఒట్టేయించుకుని మరీ పంపించావు, ఎందుకో అడిగితే కళ్లజోళ్లు తుడుచుకుంటూ కూర్చున్నావు.

ఇంకో సంగతి. సినిమా వారపత్రికలో కొత్త మొహాలని ఒక పేజీ వేస్తారు. ఫొటో అడిగారు. ఇవ్వనా?

చిన్నప్పుడు బడి అయిపోగానే మీ కళ్లజోళ్ల షాపుకి వచ్చి, అక్షరాల బోర్డు చదవలేక తంటాలు పడేవాళ్లని చూసి అలాగే చేసి చూపిస్తే, నువ్వు కౌంటరు వెనక కూర్చుండిపోయి నవ్వేదానివి. నా మొదటి ప్రేక్షకురాలివి నువ్వే. ఇప్పుడెందుకు నవ్వవు?

ఆరడుగుల నీ పిచ్చుక


జనవరి 16

ఒరేయ్ పిచ్చుకా,

నీ ఉత్తరం షాపులో చదివి నవ్వాను. సంతకాల దగ్గర గట్టిగానే నవ్వాను. ఓనరుగారు కళ్లజోడు పైనుంచి చూశారు. తమ్ముడి ఉత్తరమని చెప్పలేదు. ఏదో చెప్పాలే.

ఫొటో ఇవ్వొద్దు. వాళ్లు ఎంత బతిమాలినా ఇవ్వొద్దు. మీదే ఊరు, మీ వాళ్లెవరు, అమ్మానాన్నలెవరు అని అడిగితే నోరు మెదపొద్దు. అనాథనని చెప్పుకున్నా నేనేమీ అనుకోను. గడ్డం సంగతి మళ్లీ అడిగావంటే ఇటు నుంచి జవాబు రాదు.

ఇక్కడ మామూలే. లెన్సులు అరగదీసే మిషను కొత్తది వచ్చింది, పాతదానికంటే ఎక్కువ రొద పెడుతోంది. దుమ్ము పడకుండా మూతికి గుడ్డ కట్టుకుంటున్నాను, దొంగలా ఉన్నానని అందరూ ఏడిపిస్తున్నారు. మన వీధి తలుపుకి ఇంకో గడియ వేయించాను. ఊరికే. పాత గడియ వదులైందని.

వేళకి తిను. ఎండలో నిలబెడితే తలకి గుడ్డ కట్టుకో. మేకప్ ఆయనతో ఎక్కువ కబుర్లు వద్దు.

అక్క


ఫిబ్రవరి 4

అక్కా,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

సినిమా వచ్చింది. హీరో తమ్ముడి వేషం. రెండు పాటల్లో ఉంటాను, చివరి దాకా చావను! బ్యాంకు గుమాస్తాని చూసి డైరెక్టరు కబురు పెట్టాడు. కెమెరా ముందు కూర్చోబెట్టి, నవ్వమన్నాడు, ఏడవమన్నాడు, అటూ ఇటూ తిరగమన్నాడు. ఏడవమన్నప్పుడు అమ్మ ఆఖరి రోజులు తలుచుకున్నాను. కెమెరా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నా కంట్లో కూడా నలక పడిందిలే.

వచ్చే వారం శనివారం కాగితాల మీద సంతకం. అయితే గడ్డం ఉండకూడదు. నున్నగా ఉండాలట.

అక్కా, నాకు ఇరవై నాలుగేళ్లు. నిన్ను అడగక్కర్లేదు. అయినా మేకప్ ఆయన కత్తి పట్టుకుంటే, మా అక్క జవాబు రానీ అని చేయి పట్టుకున్నాను. నాన్న నాకు గుర్తే లేడు, జ్వరంతో పోయాడంటారు. అమ్మ పోయి ఆరేళ్లయింది. నాకు పెద్దదిక్కువి నువ్వే. సరే అను. ఒక్క కార్డు ముక్క చాలు.

నీ పిచ్చుక


ఫిబ్రవరి 7

పిచ్చుకా,

నీ గుమాస్తా వేషం షాపు టీవీలో చూశాను. ఇన్నాళ్లూ చెప్పకుండా దాచాను, ఇక దాచను. నీ మొహం తెరకి నప్పలేదురా. గడ్డం ఉన్నా నప్పలేదు, తీస్తే అసలే నప్పదు. ఇక్కడ చూసినవాళ్లు కూడా అదే అన్నారు. పొగిడేవాళ్లు వంద మంది ఉంటారు, వాళ్లు రేపు పక్కకి తప్పుకుంటారు. నవ్వులపాలయ్యేది నువ్వే.

నీకు దేవుడిచ్చింది గొంతు. ఆ డబ్బింగ్ పనేదో చూసుకో. తలుపేసుకుని చీకటి గదిలో కూర్చుంటావు, నిన్నెవరూ చూడరు, నిన్నెవరూ గుర్తుపట్టరు. గౌరవమైన పని.

సినిమా వద్దని చెప్పు. నా మాట మీద ఏమాత్రం నమ్మకం ఉన్నా శనివారం వెళ్లకు.

అక్క


మే 22

అక్కగారికి,

మూడు నెలలు రాయలేదు. రాయబుద్ధి కాలేదు. ఆ వేషం ఇంకెవరికో వెళ్లింది. పోస్టర్లు గోడల మీదికెక్కాయి, నేను తలొంచుకుని నడుస్తున్నాను.

మొహం బాగోలేదని పరాయివాళ్లు అంటే నవ్వి ఊరుకునేవాణ్ని. అన్నది నువ్వు కాబట్టి నమ్మాను. ఇప్పుడు గడ్డం గీసుకోవడానికి అద్దంలో కూడా చూసుకోను, ఆ అవసరమే లేకుండా చేశావు కదా. షాపులో నన్ను తమ్ముడని చెప్పుకోలేదని నువ్వే రాశావు. నా బతుకు నీకు నామోషీ అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది.

నువ్వు చెప్పిన పనే చేస్తున్నాను. పెద్ద సీరియల్లో పోలీసు అధికారికి గొంతు నాది. వారానికి అయిదు రోజులు వస్తుంది. అందరూ మెచ్చుకుంటున్నారు. ఒకరోజు ఖైదీని బెదిరించే సీను. కాగితంలో "ఆఖరిసారి అడుగుతున్నా" అని ఉంది. నాకెందుకో నోట్లోంచి "ఒకటోసారి... రెండోసారి..." అని సాగదీసుకుంటూ వచ్చింది. సౌండ్ ఇంజనీర్ ఎగిరి గంతేశాడు. ఇప్పుడు వీధిలో పిల్లలు కూడా అదే అంటున్నారట. ఎక్కణ్నుంచి పట్టావయ్యా అని అడుగుతారు. నాకేం తెలుసు?

ఒక్క ఇబ్బంది. ఆ గది తలుపు బరువుగా మూసుకుంటుంది. మూసుకోగానే చెమటలు. ఊపిరి ఆడదు. తలుపు గీరుతున్నానని ఇంజనీర్ చెప్పాడు, నాకు తెలియలేదు. వేళ్లకి రక్తం వచ్చింది. ఇప్పుడు తలుపు సందులో చెప్పు పెట్టి, బయట చప్పుడు లేనప్పుడు చెబుతున్నాను. పిచ్చివాణ్ని అవుతున్నానేమో తెలియదు.

ఇట్లు, తమ్ముడు


జూలై 3

పిచ్చుకా,

ఈ ఉత్తరం అందగానే ఆ పని మానెయ్.

ఇన్నాళ్లూ సాయంత్రం ఆ వేళకి మిషను దగ్గరే ఉండేదాన్ని, ఆ రొదలో ఏమీ వినపడేది కాదు. నిన్న కరెంటు తక్కువై మిషను ఆగింది. ముందు గదిలో టీవీ నడుస్తోంది. "ఒకటోసారి" అని వినిపించింది. చేతిలో ఉన్న లెన్సు జారి పగిలింది. కౌంటరు కింద దూరి కూర్చున్నానట. ఓనరుగారు వచ్చి చేయి పట్టుకుని లేపే దాకా నాకు నేను తెలియలేదు.

నేను చేసిన తప్పు చెప్పుకుంటే తీరేది కాదు. షాపు ఫోన్లో అందరి ముందూ చెప్పేది కాదు, ఉత్తరంలోనే అన్నీ చెబుతాను. ముందు ఆ గది వదిలి బయటికి రా. ఆ గొంతుతో ఇంకొక్క ముక్క చెప్పకు. నిన్ను వెతుక్కుంటూ ఎవరైనా వచ్చారా? రాస్తే అది రాయి, మిగతావి తర్వాత.

అక్క


జూలై 8

అక్కా,

మొహం వద్దన్నావు, మానేశాను. ఇప్పుడు గొంతు కూడా వద్దా? ఇక మిగిలింది చెవులు. వాటితో ఏం నటించాలో కూడా రాసి పంపు.

నాకు ఎవరూ లేరనుకునే కదా ఆడిస్తున్నావు. నన్ను వెతుక్కుంటూ ఎవరొస్తారు? ఎవరైనా వస్తే బావుండునని రోజూ అనుకుంటాను. పని మానను.

తమ్ముడు


జూలై 14

నాన్నా, పిచ్చుకా,

కోప్పడకుండా చివరి దాకా చదువు. అమ్మ పోయేముందు కూడా నీకు చెప్పొద్దని మాట తీసుకుంది. ఆ మాట ఇవాళ తప్పుతున్నాను.

నాన్న చనిపోలేదు.

ఆయన వేలంపాటలు పాడేవాడు. ఇళ్లు, బండ్లు, పాత సామాను, ఏ వేలమైనా ఆయన గొంతే. మైకు లేకుండా సందు చివరిదాకా వినపడేది. బయట జనం ఆ గొంతుకి ముచ్చటపడేవాళ్లు. ఇంట్లో కూడా అలాగే పాడేవాడు. అమ్మ ఏదైనా తప్పు చేసిందనుకుంటే కుర్చీలో కూర్చుని, తాపీగా, "ఒకటోసారి... రెండోసారి..." అనేవాడు. మూడోసారి అనేవాడు కాదు. లేచేవాడు.

నీకు నాలుగేళ్లు. నాకు పద్నాలుగు. ఒక మధ్యాహ్నం నువ్వు ఏడుస్తున్నావని నిన్ను ట్రంకుపెట్టెలో పెట్టి, మూత వేసి, దాని మీద కూర్చుని అన్నం తిన్నాడు. మళ్లీ వడ్డించమని అడిగి మరీ తిన్నాడు. లోపల్నుంచి నీ గోళ్ల చప్పుడు వినపడుతూనే ఉంది. తర్వాత ఆగిపోయింది. ఆయన చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు మూత తీశాను. నీ పెదాలు నల్లబడి ఉన్నాయి. అమ్మ నీ నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదింది. ఆ సాయంత్రమే కట్టుబట్టలతో వచ్చేశాం. ఆ చీకటి గదిలోకి నిన్ను పంపించింది నేనే, చూశావా? నా చేతులతో మళ్లీ పెట్టెలో పెట్టాను.

దొరికితే ముగ్గురిలో ఒక్కర్నీ వదలనని తెలిసినవాళ్ల దగ్గర ఒట్టేసి చెప్పాడట. రెండుసార్లు దగ్గర దాకా వచ్చాడు. రెండుసార్లూ ఇల్లు మారాం, నీకు బడి మారడం ఒక్కటే గుర్తుండి ఉంటుంది. నువ్వు పెద్దవుతున్నకొద్దీ అచ్చు ఆయన మొహమే. గడ్డం తీస్తే ఆయనే. ఆ మొహం ఊరూరా పోస్టర్ల మీద పడితే ఆయన చూడడా? అందుకే అన్నాను నీ మొహం బాగోలేదని. బంగారంలా ఉంటుందిరా నీ మొహం. గుమాస్తా వేషం నాలుగుసార్లు చూశాను. షాపులో అందరికీ చెప్పుకోవాలని నోటి చివరి దాకా వచ్చి మింగేశాను.

గొంతు సంగతి మాత్రం నాకు తట్టలేదు. ఇంట్లో నువ్వెప్పుడూ గట్టిగా అరవలేదు కదా, ఎలా తెలుస్తుంది?

ఎవరేం అడిగినా మన షాపు పేరు చెప్పకు.

నీ అక్క


జూలై 14

అక్కా,

కోపమంతా పోయింది. నీకు ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను. నాకు మేనమామ దొరికాడు!

ఇవాళ స్టూడియో గేటు దగ్గర ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడని వాచ్‌మన్ చెప్పాడు. సీరియల్లో గొంతు విని, చివర పడే స్టూడియో పేరు ఎవరిచేతో చదివించుకుని, కళ్లు కనిపించకపోయినా వెతుక్కుంటూ వచ్చాడట. నేను నోరు విప్పగానే నా చేయి పట్టుకున్నాడు. అమ్మకి పెదనాన్న కొడుకునన్నాడు. అమ్మ కుడిచేతి మీద కాలిన మచ్చ సంగతి కూడా చెప్పాడు. పరాయివాడికి ఎలా తెలుస్తుంది? నా మొహమంతా తడిమి చూసుకుని ఏడ్చాడు అక్కా. ఎంత మర్యాదగా మాట్లాడతాడో. ఆయన గొంతు కూడా ఎంత బావుంటుందో.

నీ గురించి ఎన్ని ప్రశ్నలు అడిగాడో. పెళ్లయిందా, ఒక్కతే ఉంటోందా, ఎప్పుడు ఇంటికొస్తుంది అని. శుక్లాల ఆపరేషన్ అయి రెండేళ్లయిందట, అద్దాలే పెట్టించుకోలేదు, అందుకే అన్నీ మసక. మా అక్క చేసినట్టు కళ్లజోడు ఎవరూ చేయలేరని చెప్పి, షాపు పేరు, వీధి, అన్నీ రాసిచ్చాను. గురువారానికల్లా వస్తాడు. ముందే చెప్పకు, ఆశ్చర్యపోవాలి అన్నాడు. నాకు నోరాగదు కదా, చెప్పేస్తున్నాను.

ఆయన్ని బాగా చూసుకో. మనకీ ఒక మనిషి ఉన్నాడు.

నీ పిచ్చుక


జూలై 19

పిచ్చుకా,

మొన్న నా ఉత్తరం చదివి నువ్వు షాపుకి ఫోన్ చేసి ఏడుస్తున్నప్పుడు ఆయన నా పరీక్ష కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అందుకే "రాంగ్ నంబర్" అని పెట్టేశాను. తర్వాత నేను చేసినప్పుడు రావద్దని ఎందుకు అరిచానో కూడా తెలుసుకో. నువ్వొచ్చి ఒక్క మాట మాట్లాడితే చాలు, నేనెవరో ఆయనకి తెలిసిపోతుంది. నీ తప్పేం లేదు. నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఎదురుపడ్డాయి, అంతే. నేను ఏడాది ముందు చెప్పి ఉంటే నువ్వు ఆయన మొహాన తలుపేసేవాడివి.

గురువారం పొద్దున వచ్చాడు. ఓనరుగారే చేయి పట్టుకుని తీసుకొచ్చి నా గదిలో కూర్చోబెట్టారు. నీ ఉత్తరం అప్పటికి అందనే లేదు. మూతికి గుడ్డ ఉంది కాబట్టి బతికాను. గొంతు వినగానే ఎవరో తెలిసింది. గోడ పట్టుకుని నిలబడ్డాను. పారిపోదామంటే గదికి తలుపు ఒకటే, ఆయన కుర్చీ దానికి అడ్డం.

పరీక్ష చేశాను. ఇంకేం చేయను? గదిలో లైటు ఆర్పి, బోర్డు ఒక్కటే వెలిగించి, ఆయన వెనక నిలబడ్డాను. తల తిప్పొద్దండీ, బోర్డే చూడండి అన్నాను, జలుబు చేసినట్టు గొంతు మార్చి. ఒక్కో అద్దం వేస్తూ, ఇది బావుందా, ఇది బావుందా అని అడిగాను. బుద్ధిగా చెప్పాడు. ప్లస్ పది నంబరు అద్దం వేయగానే ఆఖరి వరస దాకా గడగడా చదివేశాడు. "అమ్మాయ్, ఇక్కడ పనిచేసే పిల్ల ఒకత్తె ఉండాలే" అన్నాడు. సెలవులో ఉందన్నాను. "రానీ. కళ్లజోడు శనివారానికి చేసిపెట్టు. ఆ పిల్ల మొహం స్పష్టంగా చూడాలి" అన్నాడు. వెళుతూ వెళుతూ, మీ షాపుకి వెనక దారి ఉందా అని ఓనరుగార్ని అడిగాడు.

ఆ లెన్సు మిషను మీద పెట్టి ఎంతసేపు నిలబడ్డానో. నంబరు కాస్త మార్చి అరగదీస్తే ఆయనకి నేను ఒక మసక మాత్రమే. చేయి అటు పోయింది కూడా. కానీ మళ్లీ మళ్లీ సరిచేయించుకోవడానికి నా దగ్గరికే వస్తాడు కదా. ఆ భయం ముందు ఈ భయమే నయమనిపించింది. సరైన నంబరే చేశాను.

ఇవాళ వచ్చాడు. గుడ్డ కట్టుకోబోతే ముడి జారిపోయింది. కట్టుకునేలోపే ఎదురుగా కూర్చున్నాడు. కళ్లజోడు నేనే పెట్టాను. చెవుల వెనక సరిచేశాను. కళ్లు చికిలించి, తర్వాత పూర్తిగా తెరిచి, నన్ను చూశాడు. జానెడు దూరంలో. ఇరవై ఏళ్లుగా ఏ చూపుకి భయపడి కిటికీ కూడా తెరవలేదో ఆ చూపు.

"బాగా కనిపిస్తోందమ్మా" అన్నాడు. "ఆ పిల్ల వచ్చిందా?"

ఆయన వెతుకుతున్నది పద్నాలుగేళ్ల పిల్లని. నేను ఆయనకి తెలియనే తెలియదు. ఆ పిల్ల పని మానేసి వెళ్లిపోయిందండీ, ఎక్కడికో మాకు తెలియదు అన్నాను. నీ దగ్గర నేర్చుకోలేదు గానీ, నేనూ బాగానే నటించానురా.

ఇప్పుడు ఆయన తిరిగి నీ దగ్గరికే వస్తాడు. కళ్లున్నాయి కూడా. ఒంటరిగా ఉండకు. మేకప్ ఆయనకి అంతా చెప్పు. మంచివాడిలాగే ఉన్నాడు, ఊరికే తిట్టాను.

అక్క


జూలై 24

అక్కా,

నిన్న వచ్చాడు.

నేను ఒంటరిగా లేను. మేకప్ ఆయన, ఇంజనీర్ పక్కనే ఉన్నారు. డబ్బింగ్ గది బయట వసారాలో నిలబడ్డాం. మెరిసిపోతున్న కళ్లజోడు పెట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చాడు. ముందు నవ్వాడు. తర్వాత నా మణికట్టు పట్టుకుని, నెమ్మదిగా, "మీ అక్కని ఎక్కడ దాచావు? దాని సంగతి తేల్చాకే నీ సంగతి" అన్నాడు.

అప్పుడు నేను అరిచాను. ఏమన్నానో నాకు గుర్తులేదు. అక్కని తలుచుకుంటే చంపేస్తానన్నానట, ఇంజనీర్ చెప్పాడు. కాగితం చూసి చెప్పే అరుపు కాదు అది. మేకప్ ఆయన కూడా రెండడుగులు వెనక్కి వేశాడు. నా మణికట్టు పట్టుకున్న ఆయన మాత్రం గోడకి ఆనుకుపోయి, అలాగే జారి కూర్చుండిపోయాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎప్పుడైనా గిన్నె కిందపడ్డా అమ్మ అలాగే పెట్టుకునేది.

వాచ్‌మన్, ఇంజనీర్ కలిసి బయటికి పంపించారు. మేకప్ ఆయన నన్ను పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లి ఫిర్యాదు రాయించాడు. ఇద్దరు పోలీసులు ఆయన్ని బస్సెక్కించి, మళ్లీ ఈ ఛాయలకి వస్తే లోపలేస్తామన్నారు. ఇక రాడని వాళ్లంటున్నారు. నేనూ అనుకుంటున్నాను.

నాకిప్పుడు ఆయనంటే భయం లేదు. ఎవరికీ చెప్పుకోలేనిది నీకొక్కదానికే రాస్తున్నాను. ఆయన అలా ముడుచుకుపోతుంటే నాకు హాయిగా అనిపించింది. ఇంకా అరవాలనిపించింది. ఆయన ఇంకొంచెం ముడుచుకుపోతే బావుండుననిపించింది. ఇంజనీర్ భుజం పట్టుకుని లాగకపోతే ఎక్కడ ఆగేవాణ్నో తెలియదు. లాడ్జికి వచ్చి మంచం మీద కూర్చున్నాను, ఇప్పటిదాకా ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేదు. టీ కావాలని కూడా సైగ చేసి అడుగుతున్నాను.

సీరియల్ మానేశాను. గడ్డం సంగతి, సినిమా సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇంటికి వస్తున్నాను, ఆదివారం మధ్యాహ్నానికి. తలుపు తడతాను. నువ్వు రెండు గడియలూ వేసుకుని ఉంటావు, ఎవరూ అని అడుగుతావు. నేను నోరు విప్పి చెప్పాలి.

ఆ గొంతు విని, అక్కా, తలుపు తీస్తావా?

నీ పిచ్చుక